వృద్ధుల ఇంట నిస్తంత్రి తరంగాలు

పుదుచ్చేరి పట్టణంలో తెల్లవారుజామున వీథుల వెంట నడిచేవారికి ఒక దృశ్యం నిత్యమూ కనబడుతుంది. పెద్దకాలువకు పడమటి దిక్కున ఉన్న పాత తమిళ వీథులలో ఇంటింటి ముందూ వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, కోలం దిద్దుతూ ఉంటారు. మన తెలుగు ఇళ్ళలో దీనినే ముగ్గు అంటాము. గడప పక్కన పాలపొట్లం, అరుగు మీద దినపత్రిక వచ్చి పడతాయి. ఏ ఇంట్లోనైనా ఒంటరిగా ఉన్న ముసలమ్మగారి వాకిట ఏడు గంటలైనా ముగ్గు పడకపోతే, పాలపొట్లం పెట్టినచోటనే ఉండిపోతే, ఎదురింటివారు వచ్చి తలుపు తడతారు. అక్కడ ఎవరూ ఎవరి మీదా కాపలా కాయడం లేదు. అయినా ఒకరి క్షేమం మరొకరికి తెలుస్తూనే ఉన్నది. వాకిటి ముగ్గు ఇంటిలోని మనిషి క్షేమంగా లేచినదని తెలిపే ఒక సంకేతం.

ఈ సంకేతానికి ఒక లోపం కూడ ఉన్నది. అది రోజుకు ఒక్కసారి మాత్రమే అందుతుంది. రాత్రి పదిగంటలకు స్నానాల గదిలో కాలు జారి పడిన వ్యక్తి సంగతి మరునాటి ఉదయం గాని బయటికి తెలియదు. ఆ మధ్య గడిచిన తొమ్మిది గంటల మాట ఏమిటి? ఈ ప్రశ్నకు నేటి విజ్ఞానశాస్త్రం ఒక విచిత్రమైన సమాధానం చెబుతున్నది. ఇంటిలో ఇంటర్నెట్టు కోసం పెట్టుకున్న వైఫై పెట్టె వంటి సాధనాలు వెదజల్లే రేడియో తరంగాలే, ఏ కెమెరా లేకుండా, ఒంటిమీద ఏ పరికరమూ తొడగకుండా, మనిషి నడకను, పడిపోవడాన్ని, చివరకు శ్వాసను కూడ పసిగట్టగలవని అది చెబుతున్నది. ఇది ఎలా సాధ్యం? ఎంతవరకు నమ్మదగినది? మన ఇళ్ళకు ఎంతవరకు తగినది? ఈ మూడు ప్రశ్నలను వరుసగా పరిశీలిద్దాం.

సమస్య ఎంత పెద్దది?

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అరవై ఏండ్లు పైబడినవారు సుమారు 10 కోట్ల 40 లక్షలు. కేంద్ర ప్రభుత్వ నిపుణుల బృందం వేసిన అంచనాల ప్రకారం 2021 నాటికి ఈ సంఖ్య 13 కోట్ల 80 లక్షలకు చేరింది. 2031 నాటికి 19 కోట్లు దాటుతుంది. సంఖ్య పెరగడం ఒక ఎత్తు, కుటుంబం స్వరూపం మారడం మరొక ఎత్తు.

ఈ మార్పు పుదుచ్చేరిలో ప్రత్యేకంగా కనబడుతుంది. 1954 నవంబరు 1న ఈ ప్రాంతం పాలన భారత ప్రభుత్వానికి సంక్రమించింది. 1962 ఆగస్టు 16న ఒప్పందం న్యాయరీత్యా అమలులోకి వచ్చినప్పుడు, ఇక్కడివారు కోరుకుంటే ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకొనే అవకాశం లభించింది. అందువల్ల ఒకే కుటుంబంలో కొందరు ఫ్రాన్సులోను, కొందరు ఇక్కడను ఉండడం ఈ ఊరికి కొత్త కాదు. పిల్లలు సముద్రాలు దాటి వెళ్ళగా, పెద్దలు పాత ఇంటిని అంటిపెట్టుకొని ఉన్నారు. ఇక తెలుగువారి మాట. ఈ కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాం గోదావరి తీరాన, రాజధానికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నది. ఉద్యోగం కోసమో, చదువు కోసమో, జిప్మర్ ఆసుపత్రిలో వైద్యం కోసమో యానాం నుండి వచ్చినవారికి పుదుచ్చేరి రెండవ ఇల్లు. ఇక్కడ పనిచేసే కొడుకుకు అక్కడి తల్లి రాత్రి ఎలా నిద్రించిందో తెలియదు. ఫోనులో ఆమె చెప్పేది ఎప్పుడూ ఒకటే మాట: “నాకేం, నిక్షేపంలా ఉన్నాను.”

వృద్ధాప్యంలో పడిపోవడం చిన్న విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 6 లక్షల 84 వేలమంది పడిపోవడం వల్ల మరణిస్తున్నారు. అరవై దాటినవారిలోనే ఈ మరణాలు అధికం. పడినప్పుడు తగిలే దెబ్బ ఎంత ప్రమాదమో, లేవలేక గంటల తరబడి నేలమీద పడి ఉండడం అంత ప్రమాదం. శరీరం చల్లబడుతుంది, దాహంతో నీరసిస్తుంది, ఒత్తిడికి కండరాలు దెబ్బతింటాయి.

మెడలో వేసుకొనే అత్యవసర మీట, చేతి గడియారం వంటి సాధనాలు లేకపోలేదు. కాని వాటిని వాడవలసినవారు మనుష్యులు. స్నానానికి వెళ్ళేటప్పుడు గడియారం తీసి పెడతారు. పడిపోయే అవకాశం ఎక్కువగా ఉన్నచోటు కూడ స్నానాల గదే. విద్యుత్తు నింపడం మరచిపోతారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో తొంభై ఏండ్లు దాటినవారిని పరిశీలించిన పరిశోధకులు 2008లో ఒక విషయం వెల్లడించారు. ఒంటరిగా పడిపోయి లేవలేకపోయినవారిలో అత్యధికులు, పిలుపు మీట అందుబాటులో ఉన్నా, దానిని నొక్కలేదు. కొందరికి చేతకాలేదు, కొందరికి ఎవరినీ శ్రమపెట్టాలని అనిపించలేదు. ఈ రెండవ కారణం మన ఇళ్ళలోని పెద్దలను ఎరిగినవారికి చక్కగా అర్థమవుతుంది. అందుచేత వృద్ధుని వైపు నుండి ఏ ప్రయత్నమూ అక్కరలేని పద్ధతి కావాలి.

కోనేటిలోని అలలు

గుడి కోనేటిలో ఒక మూల గులకరాయి వేశామనుకోండి. అలలు వలయాలుగా వ్యాపించి, నాలుగు వైపుల మెట్లకు తగిలి వెనుకకు మళ్ళుతాయి. ఎదుటి మూల నీటిమీద తేలే ఒక ఆకు, నేరుగా వచ్చిన అలలకు, మెట్లకు తగిలి వచ్చిన అలలకు కలిపి ఊగుతుంది. ఇప్పుడు కోనేటిలో ఒక మనిషి దిగి నిలబడితే కొన్ని అలలు అతనికి తగిలి కొత్త దారులలో మళ్ళుతాయి. ఆకు ఊగే తీరు మారుతుంది. అతడు కదిలిన కొద్దీ ఆ తీరు ఇంకా మారుతుంది. ఆకును మాత్రమే చూస్తున్న నేర్పరి, మనిషిని చూడకుండానే, నీటిలో ఎవరో దిగినారనీ, కదులుతున్నారనీ చెప్పగలడు.

ఇంటిలోని వైఫై విషయమూ ఇంతే. ప్రసారిణి నుండి వెలువడిన తరంగాలు గోడలకు, బీరువాకు, మనిషికి తగిలి అనేక దారులలో గ్రాహకానికి చేరుతాయి. మన శరీరంలో సగానికి పైగా నీరే. అందువల్ల అది రేడియో తరంగాలను కొంత పీల్చుకొంటుంది, కొంత పరావర్తనం చేస్తుంది. గోడ కదలదు, మనిషి కదులుతాడు. మారని దానిని తీసివేసి మారేదానిని లెక్కించడమే ఈ విద్యలోని సారం.

విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. రేడియో తరంగం సెకనుకు 30 కోట్ల మీటర్లు ప్రయాణిస్తుంది. వైఫై వాడే ఒక పౌనఃపున్యం సెకనుకు 240 కోట్ల కంపనాలు. మొదటిదానిని రెండవదానితో భాగిస్తే తరంగదైర్ఘ్యం పన్నెండున్నర సెంటీమీటర్లు. సెకనుకు 500 కోట్ల కంపనాలైతే ఆరు సెంటీమీటర్లు. మనిషి ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ సుమారు అయిదు మిల్లీమీటర్లు ముందుకు వస్తుందనుకొందాం. తరంగం వచ్చి తిరిగిపోవాలి కనుక దారి పది మిల్లీమీటర్లు తగ్గుతుంది. అంటే ఆరు సెంటీమీటర్ల తరంగంలో ఆరవ వంతు. పూర్తి తరంగాన్ని 360 డిగ్రీలుగా భావిస్తే, దశలో 60 డిగ్రీల మార్పు. ఇది గ్రాహకానికి స్పష్టంగా తెలిసేంత పెద్దది. ప్రాప్తవయస్కులు నిమిషానికి పన్నెండు నుండి ఇరవై సార్లు శ్వాసిస్తారు. కాబట్టి మూడు నుండి అయిదు సెకన్లకు ఒకసారి ఈ మార్పు వచ్చి పోతూ ఉంటే అది శ్వాస అని గుర్తించవచ్చు. గుండె కొట్టుకోవడం వల్ల ఛాతీపై కలిగే చలనం అరమిల్లీమీటరు కన్న తక్కువ. దానిని పట్టుకోవడం అంత కష్టం.

నడకను మరొక విధంగా గుర్తిస్తారు. కూత వేస్తూ వచ్చే రైలు దాటిపోగానే కూత స్వరం తగ్గినట్లు వినబడుతుంది. 1842లో క్రిస్టియన్ డాప్లర్ వివరించిన ఈ సూత్రం రేడియో తరంగాలకూ వర్తిస్తుంది. సెకనుకు మీటరు చొప్పున గ్రాహకం వైపు నడిచే మనిషికి తగిలి మళ్ళిన తరంగం, ఆరు సెంటీమీటర్ల దైర్ఘ్యం కలదైతే, పౌనఃపున్యంలో సెకనుకు సుమారు 33 కంపనాల తేడా చూపుతుంది. నడక నెమ్మదించిన కొద్దీ ఈ తేడా తగ్గుతుంది. పడిపోయినప్పుడు క్షణకాలం తేడా ఒక్కసారిగా పెరిగి, ఆ వెంటనే ఏ కదలికా లేని నిశ్చలత ఏర్పడుతుంది. ఆ రెండింటి వరుసయే ప్రమాద సూచన.

ఈ సూత్రం మనకు పరాయిది కాదు. 1895లో కలకత్తా పురభవనంలో జగదీశచంద్ర బోసు రేడియో తరంగాలను గోడల గుండా పంపి అవతల గంట మోగించి చూపారు. తిరుపతి సమీపాన గాదంకిలో 1990ల తొలి సంవత్సరాల నుండి పనిచేస్తున్న మహా రాడారు, ఆకాశంలోకి రేడియో తరంగాలు పంపి, మళ్ళి వచ్చిన ప్రతిధ్వనిలోని డాప్లర్ తేడాను బట్టి పైగాలుల వేగాన్ని కొలుస్తున్నది. ఆకాశంలో గాలి కదలికను చదివే సూత్రమే గదిలో మనిషి కదలికను చదువుతున్నది.

పరిశోధనల క్రమం

పరికరం తొడగని మనిషిని కూడ రేడియో సంకేతాల ద్వారా గుర్తించవచ్చునన్న ఆలోచనను 2007లో మౌస్తఫా యూసెఫ్, ఆయన సహచరులు ముందుకు తెచ్చారు. 2011లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో నీల్ పట్వారీ బృందం, చౌకైన నిస్తంత్రి సాధనాల సంకేతబలంలోని స్వల్ప హెచ్చుతగ్గుల నుండి శ్వాసవేగాన్ని రాబట్టింది. ఆ తరువాత మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో దీనా కతాబీ, ఫదెల్ అదీబ్ ప్రభృతులు ఈ మార్గంలో చాలా దూరం వెళ్ళారు. 2015లో వారు ప్రకటించిన సాధనం ఎనిమిది మీటర్ల దూరాన ఉన్న వ్యక్తి శ్వాసను, గుండె వేగాన్ని కూడ కొలవగలిగింది. 2018లో గోడ అవతలి మనిషి నిలుచున్నాడో కూర్చున్నాడో రేఖాచిత్రంగా చూపగలిగారు. అయితే వీరు వాడినది మామూలు వైఫై పెట్టె కాదు, ఇందుకోసమే నిర్మించిన రేడియో పరికరం. ఈ భేదాన్ని వార్తలు తరచు విస్మరిస్తాయి.

2022లో ఇదే బృందం వెలువరించిన ఫలితం వైద్యులను ఆకర్షించింది. 7,671 మంది నిద్రాసమయపు శ్వాస వివరాలను కృత్రిమ మేధ చేత పరిశీలింపజేయగా, పార్కిన్సన్ వ్యాధి జాడలు ఆ శ్వాసలో కనబడినవి. చేతి వణుకు రాకముందే నిద్రలోని ఊపిరి ఏదో చెబుతున్నదేమోనన్న ఆశ దీనివల్ల కలిగింది. నడక వేగం విషయమూ ఇటువంటిదే. వైద్యుని గదిలో నాలుగడుగులు నడిపించి చూడడం కన్న, ఇంటిలో నెలల తరబడి నడక ఎలా మారుతున్నదో తెలిస్తే, శక్తి క్షీణించడాన్ని ముందుగానే గుర్తించవచ్చు.

వైఫైనే ఇంద్రియంగా వాడుకొనడానికి అంతర్జాతీయ విద్యుత్ ఇంజనీర్ల సంస్థ 2020లో ప్రత్యేక బృందాన్ని ఏర్పరచింది. ఆ కృషి ఫలితంగా 2025లో ఒక ప్రమాణం వెలువడింది. అంటే ముందుముందు దుకాణంలో కొనే సాధారణ పెట్టెకే ఈ శక్తి ఉండవచ్చును. కొనేవారికి ఆ సంగతి తెలిసి ఉండడం అవసరం.

ఇక తరంగాల వల్ల హాని కలుగుతుందా అని పెద్దలు అడుగుతారు. ఇంటి వైఫై పెట్టె వెలువరించే రేడియో శక్తి సామాన్యంగా వాటులో పదవ వంతు. ఈ తరంగాలు ఎక్స్ కిరణాల వలె అణువులను విచ్ఛిన్నం చేసేవి కావు.

మన ఇల్లు, ఆ యంత్రం

ఈ పరిశోధనలలో అధికభాగం ఇతర దేశాల ఇళ్ళలో జరిగినవి. అక్కడ మంచం మీద పడుకొంటారు, కుర్చీలో కూర్చుంటారు. నేలమీద ఎవరైనా కనబడితే పడిపోయినట్లు భావించవచ్చు. మన ఇంటిలో అవ్వ మధ్యాహ్నం చల్లని నేలమీద చాప పరచుకొని పడుకొంటుంది. తాతగారు పీట మీద కూర్చొని భోజనం చేస్తారు. పూజలో సాష్టాంగపడతారు. నేలను ప్రమాదంగా భావించే యంత్రం ఇటువంటి ఇంటిలో రోజుకు పదిసార్లు తప్పుడు హెచ్చరిక చేయగలదు. పదిసార్లు అబద్ధం చెప్పిన గంటను పదకొండవసారి ఎవరూ వినరు.

పైకప్పు పంకా మరొక చిక్కు. అయితే అది సెకనుకు పలుమార్లు తిరుగుతుంది కనుక శ్వాసతో పోలిక లేదు. లెక్క నుండి తొలగించడం సులభమే. ఉయ్యాలబల్ల సంగతి వేరు. రెండు మీటర్ల గొలుసుతో వేలాడే బల్ల ఒకసారి ఊగి రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. అది శ్వాసకు దగ్గరి లయ. గాలికి మెల్లగా కదిలే తెర కూడ ఇటువంటి భ్రమ కలిగించవచ్చు. ఇంటిలో నలుగురు మనుష్యులుంటే ఎవరి ఊపిరి ఎవరిదో విడదీయడం ఇంకా కష్టం. పుదుచ్చేరి పాత ఇళ్ళలోని మందమైన ఇటుక, సున్నపు గోడలు తరంగాలను బాగా బలహీనపరుస్తాయి కూడ.

విద్యుత్తు పోతే ఈ వ్యవస్థ మూగపోతుంది. 2011 డిసెంబరు 30న థానే తుపాను, 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను ఈ తీరాన్ని తాకినవి. వృద్ధులకు సహాయం అత్యవసరమైన రాత్రులు అవే. యంత్రం పనిచేయని అవకాశం ఉన్న రాత్రులూ అవే. ఫెంగల్ నాడు ఒక్కరోజులో నలభై సెంటీమీటర్లకు మించి వర్షం కురిసి వీథులు జలమయమైనప్పుడు, ఇరుగుపొరుగువారి చేతులే అక్కరకు వచ్చాయి.

హెచ్చరిక సరిగానే వచ్చిందనుకొందాం. వచ్చేదెవరు? పారిస్‌లోని కుమారుని ఫోను మోగితే ఇక్కడి తలుపు తెరుచుకోదు. 2017లో హైదరాబాదులో టాటా ట్రస్టుల సహకారంతో ప్రారంభమైన వృద్ధుల సహాయవాణి, 2021లో 14567 సంఖ్యపై దేశవ్యాప్తమైనది. సలహాకు, మార్గదర్శనానికి అది ఎంతో ఉపయోగకరం. కాని అది పగటివేళ సేవ. అర్ధరాత్రి పడిపోయినవారికి కావలసినది 112 లేక 108, అంతకన్న ముందు తాళపుచెవి కలిగిన పొరుగువారు. తరంగం వార్త మాత్రమే మోయగలదు, మనిషిని లేపలేదు.

చూడడం, చూసుకోవడం

కెమెరా లేదు కనుక మర్యాదకు భంగం లేదని ఈ సాధనాల సమర్థకులు చెబుతారు. ఇందులో సగం సత్యమున్నది. పడకగదిలో, స్నానాల గదిలో కెమెరాను ఏ పెద్దమనిషీ సహించడు. తరంగం ముఖాన్ని చూడదు, వస్త్రాన్ని చూడదు. కాని ఎప్పుడు నిద్రపోయినారు, రాత్రి ఎన్నిసార్లు లేచినారు, ఇంటికి ఎవరు వచ్చినట్లున్నది, ఎంతసేపు ఉన్నారు అన్నవి ఊహించగలదు. అది ఉమ్మడి గోడ దాటి పొరుగింటిలోనికి కూడ పోగలదు. కెమెరా ఎదురుగా కనబడుతుంది, తరంగం కనబడదు. కనబడనిదానికి అంగీకారం అడగడం మరింత అవసరం.

ఈ సందర్భంలో ఒక విషయం స్మరించదగినది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు మూలమైన వ్యాజ్యాన్ని 2012లో దాఖలు చేసిన విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామిగారి వయస్సు అప్పటికి ఎనభై దాటింది. వృద్ధులకు గోప్యతతో పనిలేదనుకొనేవారికి ఇది చాలిన సమాధానం. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టానికి కూడ అంగీకారమే ఆధారశిల. ఆ అంగీకారం డబ్బు చెల్లించే కుమారునిది కాదు, ఊపిరి ఎవరిదో వారిది. పెట్టె ఎక్కడ ఉన్నదో పెద్దలకు చూపాలి. ఏమి తెలుసుకొంటుందో వారి భాషలో చెప్పాలి. ఇష్టం లేనినాడు ఆపివేసే మీట వారి చేతికి అందేచోట ఉండాలి. సమాచారం ఎక్కడో దూరాన పోగుపడక ఇంటిలోనే పరిష్కారమై, అవసరమైన కబురు మాత్రమే బయటికి పోవడం మేలు.

హిందీ నుండి తెలుగులోకి అనువదించేవారికి ఇటువంటి వ్యాసాలలో ఒక చిక్కు ఎదురవుతుంది. హిందీలో ‘నిగరానీ’ వేరు, ‘దేఖ్‌భాల్’ వేరు. మొదటిదానికి బంధువైన ‘నిఘా’ అన్న మాట పారశీకం నుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చింది. దొంగ మీద, అనుమానితుని మీద పెట్టేది నిఘా. రెండవదానికి సంరక్షణ, ఆలనపాలన అని వ్రాస్తాము. కాని తెలుగు ఇళ్ళలో రెండింటికీ నడుమ ఒక చక్కని పలుకుబడి ఉన్నది: పెద్దవారిని ‘కనిపెట్టుకొని ఉండడం’. అందులో చూపు ఉన్నది, సేవ ఉన్నది, పిలిస్తే పలికేంత దగ్గరగా ఉండడం ఉన్నది. అనుమానం లేదు.

ఒకే సాధనం ఒక ఇంటిలో నిఘా కాగలదు, మరొక ఇంటిలో కనిపెట్టుకొని ఉండడం కాగలదు. కొడుకు నెలల తరబడి తల్లికి ఫోను చేయక, తెరమీది గీతలు చూసి తృప్తిపడితే అది మొదటిది. తల్లి రాత్రి మూడుసార్లు లేచినదని తెలిసి, ఉదయమే పలకరించి, వైద్యుని వద్దకు తీసుకొనిపోతే అది రెండవది. తల్లిదండ్రుల పోషణను 2007లో చట్టం బాధ్యతగా విధించింది. పలకరింపును ఏ చట్టమూ విధించలేదు.

పుదుచ్చేరి వీథులలో రేపటి ఉదయం కూడ కోలాలు పడతాయి. అరవం మాట్లాడే ఇంటి ముందు, తెలుగు మాట్లాడే ఇంటి ముందు, ఫ్రెంచి పింఛను వచ్చే ఇంటి ముందు గీతలు వేరైనా వాటిలోని సమాచారం ఒకటే. విజ్ఞానం ఈ ఉదయపు సంకేతానికి రాత్రి సంకేతాన్ని జోడించగలిగితే మంచిదే. అప్పుడు కూడ, ముగ్గు పడని వాకిలిని చూసి ఆగి తలుపు తట్టే మనిషి ఎదురింటిలో ఉండవలసిందే.